బడి తెర మీద విశాఖ కనిపించాలి

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు డిజిటల్ సామగ్రి కావాలా వద్దా అన్న చర్చ విశాఖపట్నంలో ఎప్పుడో ముగిసింది. ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చువేయడంలో ముందు వరుసలో నిలిచిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మనబడి నాడు–నేడు పథకం కింద ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు, ఆరో తరగతి నుంచి పైవారికి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. టీచరు చేతిలో ఎలాగూ ఫోను ఉంది. ఇంత సామగ్రి ఎదురుగా పెట్టుకుని మూడో తరగతి పిల్లల చేత ఏం చేయిస్తున్నామన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న. టీవీలు ఎన్ని బిగించారో లెక్క తీయడం తేలిక. టీవీ ఆపేశాక పిల్లలు ఏం రాశారు, ఏం మాట్లాడారు, ఏం కొలిచారు అని అడగాలంటే తరగతి గదిలో కాసేపు కూర్చోవాలి.

చాలా గదుల్లో జరిగేది తెలిసిందే. టీచరు పాఠం వీడియో పెడతారు. పిల్లలు చూస్తారు. బొమ్మలు కదిలినంతసేపూ కళ్లు తిప్పరు. అయిపోగానే ‘అర్థమైందా?’ అంటే ‘అయ్యింది టీచర్’ అని గది అంతా ఒక్క గొంతుతో అంటుంది. ఆ ఒక్క గొంతులో ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో తెలుసుకునే దారి లేదు. చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. ప్రాథమిక తరగతుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలు చేతులతో, నోటితో, పక్కవాడితో మాట్లాడుతూ నేర్చుకుంటారు. వాళ్లను కూర్చోబెట్టి చూపించడమే పాఠమనుకుంటే టీవీ వచ్చినా నల్లబల్ల నాటి పద్ధతే కొనసాగినట్టు. నల్లబల్ల దగ్గరకైనా పిల్లల్ని పిలిచి రాయించేవాళ్లం.

పరిస్థితి ఎంత గడ్డుగా ఉందో గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదికలు చెబుతూనే ఉన్నాయి. రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాంతాల్లో 2018లో 22.6 శాతం ఉంటే, 2022 నాటికి 10.3 శాతానికి పడిపోయారు. అదే కాలంలో తెలంగాణలో 18.1 నుంచి 5.2కు జారింది. మధ్యలో కోవిడ్ వచ్చింది, బడులు మూతపడ్డాయి. అసలు కారణం అదే. అయితే ఆ నెలల్లో దూరదర్శన్ సప్తగిరి చానల్లో పాఠాలు వచ్చాయి, వాట్సాప్‌లో వర్క్‌షీట్లు తిరిగాయి. తెర ఒక్కటే మిగిలినప్పుడు చిన్న పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో ఆ అంకెలే చెబుతున్నాయి. పెద్ద తరగతుల వాళ్లు ఏదోలా నెట్టుకొచ్చారు. అప్పుడే ఒత్తులు, గుణింతాలు పట్టుకుంటున్న వాళ్లు ఎక్కువ నష్టపోయారు.

పరికరాలు ఉంటే చాలదని ప్రపంచం డబ్బు పోసి మరీ నేర్చుకుంది. పెరూ దేశంలో పిల్లవాడికో లాప్‌టాప్ పథకం కింద గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు కంప్యూటర్లు పంచారు. 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. గణితంలో గాని భాషలో గాని చదువు మెరుగైన ఆధారం దొరకలేదు. మరోవైపు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో వాడినప్పుడు, నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ గట్టి మెరుగుదల కనిపించింది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ చేసిన ఆ అధ్యయనం 2019లో అచ్చయింది. రెంటికీ తేడా ఎక్కడుందంటే, పెరూలో యంత్రం ఇచ్చి వదిలేశారు. ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడి చేతా లెక్క చేయించి, ఎక్కడ ఆగిపోయాడో పట్టుకుని, ఆ మెట్టు దగ్గర నుంచే పని ఇచ్చింది. ఆరో తరగతి పిల్లలు సగటున గణితంలో రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా ఆ అధ్యయనమే చూపింది. పాఠ్యపుస్తకం ఆరో తరగతిది, పిల్లవాడు ఉన్నది మూడో తరగతి దగ్గర.

పిల్లవాడున్న మెట్టు దగ్గర నుంచి పని ఇవ్వడమన్నది తెలుగు నేలకు కొత్త సంగతేమీ కాదు. అప్పటి చిత్తూరు జిల్లా కొండల్లో రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం ఎప్పుడో అభ్యసన నిచ్చెనను తయారుచేసింది. గోడ మీద మెట్ల పటం, ట్రేలలో కార్డులు. పిల్లవాడు తన మెట్టు చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, తన జట్టులో కూర్చుంటాడు. చెన్నై నగరపాలక పాఠశాలలు ఆ పద్ధతిని తీసుకెళ్లి 2003 నుంచి పెద్ద ఎత్తున అమలు చేశాయి. అంతకుముందే, 1980ల్లో బ్రిటిష్ సహకారంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (పాత టీచర్లకు ‘ఆపెప్’ అంటే వెంటనే గుర్తొస్తుంది) ఆరు సూత్రాలు చెప్పింది. టీచరు స్వయంగా కృత్యాలు తయారుచేయాలి, పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ గది అంతా కలిసీ పని చేయాలి, పిల్లల మధ్య తేడాలను గమనించాలి, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించాలి. ఆన్‌లైన్ వేదికలను ఎలా వాడాలో చెప్పమంటే నేను ఈ ఆరింటినే చెబుతాను. యాప్‌లు రోజుకొకటి మారతాయి, ఈ ఆరూ మారవు.

వీటిలో విశాఖ బడుల తెర మీద నాకు అస్సలు కనిపించనిది ఐదోది, పరిసరాలు.

వన్‌టౌన్‌లోనో జ్ఞానాపురంలోనో ఉన్న బడిలో రవాణా సాధనాల పాఠం వీడియో నడుస్తుంటే, అందులో నీలం సముద్రం మీద కార్టూన్ ఓడ పొగ వదులుతూ పోతుంది. ఆ బడికి కూతవేటు దూరంలో 1933లో తెరుచుకున్న రేవు ఉంది. అసలు ఓడలు అక్కడ లంగరు వేసి ఉన్నాయి. పిల్లల్లో కొందరి నాన్నలు ఆ ఓడల సరుకు దింపే పనిలోనే ఉంటారు. పాఠం ఎక్కడో తయారైంది కాబట్టి ఇది తప్పదు. ఇక్కడి టీచరు దాన్ని మార్చుకోలేరా? మార్చుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మెరైన్ ట్రాఫిక్ అనే వెబ్‌సైటు ఉంది. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నుల పైబడిన ప్రతి ఓడా తన పేరు, ఉన్న చోటు, పోతున్న దిక్కు, వేగం రేడియో సంకేతంగా పంపుతూ ఉండాలని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నిబంధన. ఆ సంకేతాలన్నీ కలిపి ఈ వెబ్‌సైటు పటం మీద చూపుతుంది. ఐదో తరగతి గదిలో టీవీ మీద విశాఖ తీరం తెరిచామనుకుందాం. డాల్ఫిన్స్ నోస్ ఎక్కడో పిల్లలు ముందు కనిపెట్టాలి. అది దొరికితే లోపలి రేవుకు పోయే కాలువ దొరుకుతుంది. సముద్రంలో రంగురంగుల గుర్తులు గుంపుగా ఉంటాయి. అవి రేవులో చోటు కోసం ఆగిన ఓడలు. ఒక్కో జట్టు ఒక్కో ఓడను ఎంచుకుంటుంది. పేరు రాసుకుంటుంది. ఏ దేశం జెండా, పొడవెంత, ఎక్కడి నుంచి వచ్చింది? అప్పుడు టీవీ కట్టేయాలి. ఇకమీదట పని నేల మీద, నోటు పుస్తకంలో. రెండొందల మీటర్ల పొడవు ఓడ అంటే ఎంతో మైదానంలో అడుగులతో కొలిచి చూస్తారు. చాలా బడుల మైదానం చాలదు, వీధిలోకి పోవాలి! పన్నెండు నాట్ల వేగంతో పోయే ఓడ రోజంతా నడిస్తే 288 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 533 కిలోమీటర్లు. అట్లాసు తెరిచి ఆస్ట్రేలియాకు గీత గీస్తారు. మన ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గు అక్కడి నుంచి కూడా వస్తుందని టీచరు చెబితే, గాజువాక నుంచి కనిపించే పొగగొట్టాలకూ ఆ గీతకూ ఉన్న సంబంధం పిల్లలు తామే కలుపుకుంటారు. మర్నాడు మళ్లీ ఐదు నిమిషాలు తెర తెరవాలి. మన ఓడ రేవులోకి వచ్చిందా, ఇంకా బయటే ఉందా? వారం పాటు రాసుకుంటే అదే పట్టిక, అదే గ్రాఫు. ఇందులో తెర ముందు గడిచింది రోజుకు పది పదిహేను నిమిషాలే. మిగతా సమయమంతా గణితం, భూగోళం, తెలుగు.

జాలారిపేట, పెదగంట్యాడ వంటి చోట్ల బడులకు ఇంతకంటే మంచి పాఠం ఇంట్లోనే ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను ఉపగ్రహ సమాచారంతో గుర్తించి మత్స్యకారులకు తెలుగులో పంపుతుంది. ఫలానా తీరం నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎన్ని మీటర్ల లోతున అని అందులో ఉంటుంది. అదే సూచనను నాలుగో తరగతిలో చదివిస్తే దిక్కులు, దూరాలు, లోతులు ఒకే చోట వచ్చేస్తాయి. పిల్లవాడు ఇంటికెళ్లి తాతను అడుగుతాడు. తాత లోతును మీటర్లలో చెప్పడు, బారల్లో చెబుతాడు. రెండు చేతులూ చాపితే ఒక బార, సుమారు ఆరడుగులు. బారలను మీటర్లలోకి మార్చడం లెక్క అవుతుంది. తాత మాటలను టీచరు ఫోనులో రికార్డు చేసి తరగతిలో వినిపిస్తే అది పాఠం అవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. బడికి సెలవులు కూడా దాదాపు అప్పుడే. తాతలు తీరికగా దొరికే కాలం అది. ఆ రెండు నెలల్లో పిల్లలు తెచ్చే రికార్డింగులు జూన్‌లో కొత్త తరగతికి సామగ్రి అవుతాయి.

ఇలాంటివి ఎన్నైనా ఉన్నాయి. తుపాను కదలికను వాతావరణ శాఖ సైటులో చూసి రోజూ పటం మీద చుక్క పెట్టడం, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానును చూడని పిల్లలు అమ్మానాన్నలను అడిగి రాయడం, చెట్లలో మార్పులను నమోదు చేసే సీజన్‌వాచ్‌లో బడి ఆవరణలోని వేపచెట్టు ఎప్పుడు చిగురించిందో ప్రతి వారం నమోదు చేయడం, తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో వాటి లెక్క రాసుకోవడం. ఒకటి మొదలుపెట్టిన టీచరు రెండోది తానే కనిపెడతారు.

ఇక చదవడం గురించి. ప్రాథమిక విద్యలో అన్నిటికన్నా ముందు ఇదే. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం కూడా మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలన్నదే. గూగుల్ 2019లో బోలో పేరుతో తెచ్చి, తర్వాత రీడ్ అలాంగ్‌గా మార్చిన యాప్ తెలుగు కథలను పిల్లల చేత బయటికి చదివిస్తుంది. పిల్లవాడు చదువుతుంటే వింటుంది. ఏ మాట దగ్గర ఆగాడో ఆ మాట మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది. కథలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నలభై మంది ఉన్న గదిలో టీచరు ప్రతి పిల్లవాడి చదువునూ రోజూ వినలేరు. ఈ యాప్ వినగలదు. అలాగని పిల్లవాడిని ఫోనుతో ఒక మూల కూర్చోబెట్టమని కాదు. నలుగురు పిల్లలు, ఒక ఫోను. ఒకరు చదువుతుంటే ముగ్గురు వింటారు, తప్పు పట్టుకుంటారు, అందిస్తారు. హైదరాబాదులో సుగతా మిత్ర, జేమ్స్ టూలీ బృందం 2003లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో పేదవాడలోని పిల్లలు, మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ముందు నలుగురేసి కూర్చుని ఇంగ్లిషు ఉచ్చారణ తామే దిద్దుకున్నారు. తాము పలికింది కంప్యూటరుకు అర్థం కాకపోతే మళ్లీ పలికేవారు, ఒకరికొకరు చెప్పుకునేవారు. నా దృష్టిలో అక్కడ పనిచేసింది యంత్రం కంటే ఆ నలుగురి గుంపు.

చదవడం తర్వాత రాయడం. ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరు 8న తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు కథల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. వాటిని తీసుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. చాలామంది టీచర్లు అందులో కథలు చూపించడంతో ఆపేస్తారు. అసలు సౌకర్యం, అక్కడున్న బొమ్మలతో మన కథ మనం రాసుకోవచ్చన్నది. రెండో తరగతి పిల్లలు బొమ్మ చూసి వాక్యం చెబుతారు, టీచరు టైపు చేస్తారు, మర్నాడు అదే వాక్యాన్ని పిల్లలు తెర మీద చదువుతారు. తాము చెప్పిన మాటే కాబట్టి అక్షరాలు తొందరగా పట్టుబడతాయి. నలుపు తెలుపులో జెరాక్స్ తీసి కుట్టేస్తే తరగతి గ్రంథాలయంలో ఆ బడి పిల్లల పుస్తకం చేరుతుంది. మల్కాపురం, కంచరపాలెం వంటి శ్రామిక వాడల్లో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు కూడా తరగతిలో ఉంటారు. అదే కథను స్టోరీవీవర్‌లో ఒడియాలో తెరిచి వాళ్ల చేత మిగతా పిల్లలకు చెప్పిస్తే, ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే పిల్ల ఆ రోజు టీచరు పక్కన నిలబడుతుంది. గిరిజన ప్రాంతాల్లో మాతృభాషలో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకొచ్చే బహుభాషా విద్యను ఉమ్మడి రాష్ట్రం 2004లోనే ఎనిమిది భాషల్లో చేపట్టింది. విశాఖ మన్యంలో కొండ, కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో పుస్తకాలు వచ్చాయి. ఆ అనుభవం మన పక్కనే ఉంది. 2022 ఏప్రిల్ 4న మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయింది గాని, పాడేరు బడికీ పెదవాల్తేరు బడికీ మధ్య వీడియో కాల్‌కు జిల్లా సరిహద్దు అడ్డం కాదు.

ఆ వీడియో కాల్‌నే ఆటగా మార్చవచ్చు. విదేశీ బడుల్లో మిస్టరీ స్కైప్ పేరుతో ఒక ఆట ఆడేవారు. రెండు తరగతులు ఒకరి ఊరు ఒకరికి చెప్పకుండా, అవును–కాదు అని మాత్రమే జవాబు వచ్చే ప్రశ్నలతో ఎదుటివాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టాలి. మీ ఊరికి సముద్రం ఉందా? మీ దగ్గర కాఫీ తోటలున్నాయా? మీరు కృష్ణానదికి దక్షిణాన ఉన్నారా? ప్రశ్న సరిగా అడగడం నేర్పడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఆట లేదు. అమెరికాలో తెలుగు పిల్లల కోసం సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడిలో వేలమంది పిల్లలు తెలుగు చదవడం నేర్చుకుంటున్నారు. ఇక్కడి పిల్లలకు తెలుగు నోట్లో ఆడుతుంది, ఇంగ్లిషు దగ్గర తడబడతారు. అక్కడి వాళ్లది సరిగ్గా తిరగేసిన కష్టం. పగలూ రాత్రీ తారుమారు కాబట్టి నేరుగా కలవడం కుదరదు. గొంతు రికార్డింగులు పంపుకోవచ్చు. గాజువాకలో నాలుగో తరగతి పాప చదివిన తెలుగు కథకు, అక్కడి పాప చదివిన ఇంగ్లిషు కథ జవాబు. పిల్లల పేర్లూ ఫొటోలూ లేకుండా, టీచర్ల మధ్యనే ఈ ఇచ్చిపుచ్చుకోవడం నడవాలి. ప్రవాస తెలుగు సంఘాలు ఊరి బడికి కంప్యూటర్లు కొనిస్తామని ముందుకొస్తుంటాయి. వాళ్ల పిల్లల గొంతు పంపితే అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇవన్నీ వినడానికి బాగున్నా, టీచరు పరిస్థితి చూడకుండా మాట్లాడితే న్యాయం కాదు. ఒక్క టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో నడిపే ప్రాథమిక బడులు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, హాజరు అంటూ ఆ టీచరు ఫోను ఏళ్ల తరబడి లెక్కలు అప్పజెప్పే పరికరంగానే ఉంటూ వచ్చింది. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు యాప్ వచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు రోడ్డెక్కడానికి కారణం యాప్ అంటే భయం కాదు. పాఠం చెప్పే సమయం పోతోందన్న బాధ. ఆ తర్వాత అనేక యాప్‌లను కలిపి ఒకటి చేసే ప్రయత్నం జరగడం మంచిదే. ఫోను అంటే తనిఖీ అని నాటుకుపోయిన మనసు ఫోనుతో ప్రయోగం చేయాలంటే, ముందు ఆ తనిఖీ బరువు దిగాలి. ఆ బరువు దిగితే ఏకోపాధ్యాయ బడికి తెర నిజంగా ఉపయోగపడే చోటు ఒకటుంది. ఐదో తరగతి జట్లు ఓడల పట్టిక వేసుకుంటుంటే, ఆ ఇరవై నిమిషాలు టీచరు ఒకటో తరగతి పిల్లల పక్కన నేల మీద కూర్చుని పలక మీద చేయి పట్టుకుని రాయించవచ్చు. పిల్లలు తమంతట తాము నడుపుకోగలిగే పని ఇవ్వాలన్న రిషి వ్యాలీ పాఠం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

నెట్ రాని రోజు ఎలాగూ ఉంటుంది. అందుకు పెన్‌డ్రైవ్ ఉంది, కొలిబ్రి వంటి వేదికలు ఉన్నాయి. బడిలో ఒక పాత లాప్‌టాప్‌లో పాఠాలన్నీ ఒకసారి నింపుకుంటే నెట్ లేకుండానే గదిలోని పరికరాలకు అందుతాయి. బయటి నుంచి వచ్చే పాఠం ఆగిపోవడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ అందులో ఉన్నాయి. ఉదయం పూట బడి పిల్లలకు ప్రత్యేక ప్రసారాలుండేవి. ఏడాది తిరగగానే ఉపగ్రహం వెనక్కి పోయింది, పాఠం ఆగింది. బయటి వనరు మీద ఆధారపడిన చదువుకు ఆ గండం ఎప్పుడూ ఉంటుంది. మన రాష్ట్రమే 2022లో బైజూస్‌తో ఒప్పందం చేసుకుని, ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లల చదువును ఒక కంపెనీ ఆదాయ వ్యయాలకు కట్టేయకూడదు. ప్రాథమిక బడులకు స్వేచ్ఛగా వాడుకుని, మార్చుకుని, దాచుకోగల పాఠాలకే మొదటి చోటు దక్కాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

మరో జాగ్రత్త, పిల్లల వివరాలు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 మేలో, ప్రభుత్వాలు సిఫార్సు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లు, వెబ్‌సైట్లను పరిశీలించి, వాటిలో సుమారు 90 శాతం పిల్లల సమాచారం విషయంలో వారి హక్కులకు భంగం కలిగించేలా ఉన్నాయని తేల్చింది. మన దీక్ష పేరు కూడా ఆ నివేదికలో ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. కాబట్టి ప్రాథమిక తరగతుల్లో పిల్లల పేరుతో లాగిన్లు సృష్టించవద్దు. టీచరు లాగిన్ ఒక్కటి చాలు. పైన చెప్పిన పనుల్లో ఏ ఒక్కదానికీ పిల్లవాడి పేరుతో ఖాతా అక్కర్లేదు. తెర ముందు గడిపే సమయానికీ హద్దు ఉండాలి. 2020 జులైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ బోధన రోజుకు రెండు విడతలు, విడతకు 30 నుంచి 45 నిమిషాలు మించరాదన్నాయి. అది బడులు మూతపడిన కాలానికి. బడి నడుస్తున్నప్పుడు చిన్న తరగతులకు అందులో సగం కూడా అవసరం లేదని నా అభిప్రాయం.

వీడియో తప్పనిసరిగా చూపించవలసిన చోట కూడా ఒక మంచి అలవాటు చేసుకోవచ్చు. 1970ల్లో నికరాగువాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం రేడియోతో గణితం నేర్పింది. రేడియోలో గొంతు ప్రశ్న అడిగి ఆగేది. ఆ విరామంలో పిల్లలంతా జవాబు చెప్పాలి, లేదా రాయాలి, లేదా వేళ్లతో చూపాలి. తర్వాతే పాఠం ముందుకు సాగేది. ఆ విరామమే అక్కడ నేర్పింది. మన టీచరు చేతిలో రిమోట్ ఉంది, దాని మీద ఆపే మీట ఉంది. విత్తనం మొలకెత్తే వీడియోను సగంలో ఆపి ‘తర్వాత ఏమవుతుందో బొమ్మ గీయండి’ అంటే చాలు, చూసే పిల్లలు ఆలోచించే పిల్లలవుతారు. గీసిన బొమ్మలు గోడకు అంటించి, మిగతా సగం చూపి, ఎవరిది సరిపోయిందో వాళ్లనే తేల్చమనాలి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, శిక్షణ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

నగరానికి కావలసిన పాఠాలు మాత్రం ఒక్కో టీచరు ఒంటరిగా తయారుచేయలేరు. భీమునిపట్నంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ, డైట్, ఉంది. అక్కడ రేపటి టీచర్లు చదువుకుంటున్నారు. నగరపాలక సంస్థ జీవీఎంసీకి సొంత పాఠశాలలున్నాయి. పోర్టుకు, ఉక్కు కర్మాగారానికి, తుపాను హెచ్చరిక కేంద్రానికి, మత్స్య శాఖకు చెప్పగలిగే నిపుణులున్నారు. ఓడలు, ఉక్కు, చేపలు, తుపాను, తాబేళ్లు, సింహాచలం కొండ: ఒక్కోదాని మీద పది నిమిషాల తెర, నలభై నిమిషాల పని ఉండే పాఠాలను డైట్ విద్యార్థులూ పనిచేసే టీచర్లూ కలిసి ఈ ఏడాదే తయారుచేయాలి. వాటిని పెన్‌డ్రైవ్‌లో ప్రతి ప్రాథమిక బడికీ ఇవ్వాలి, దీక్షలోనూ పెట్టాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే సమయంలో కొంత తగ్గించి, ఒక టీచరు తన తరగతిలో చేసినదాన్ని మిగతావారికి చేసి చూపించే గంట పెట్టాలి. ఈ పనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. జూన్ 12న బడులు తెరిచేలోపు ఆ ఉత్తర్వు ఇవ్వాలని జిల్లా విద్యాశాఖను, నగరపాలక సంస్థను కోరుతున్నాను.